తిథి లేని శోకము

తెలుగువారి ఇండ్లలో మరణమునకు ఒక తిథి కలదు. మనిషి కన్నుమూసిన మాసమును, పక్షమును, తిథిని ఇంటి పెద్దలు జ్ఞప్తియందుంచుకొందురు. ఏటేట పంచాంగము తెరచి ఆ దినమును వెదకుదురు. ఆనాడు బంధువులు చేరుదురు, పోయినవారి పేరును గోత్రమును ఉచ్చరింతురు, తిలోదకములు విడుతురు, విస్తళ్లు వేయుదురు. మరునాటికి ఇల్లు మరల తన పనిలో పడును. తద్దినమను మాటకు 'ఆ దినము' అనియే అర్థము. ఏడాది పొడుగున పరచుకొనజూచు దుఃఖమునకు ఒక దినమును కేటాయించి, తక్కిన దినములను బ్రతికియున్నవారికి మిగుల్చుట ఈ ఆచారములోని లోకజ్ఞత. శాస్త్రమును అంతగా పాటింపని ఇండ్లలో సైతము ఆ దినమున పటమునకు దండ వేయుట మానరు.

యుద్ధమునకో సైనికోద్యోగమునకో వెడలి, జాడ తెలియకుండ పోయినవాని ఇంటికి ఈ సదుపాయము లేదు. అతడు మరణించెనని చెప్పుటకు చూచినవారు లేరు. బ్రతికియున్నాడని చెప్పుటకు ఉత్తరము లేదు. పటమునకు దండ వేసినచో అతనిని చేజేతుల చంపుకొన్నట్లుండును. వేయకున్నచో తమను తాము మభ్యపెట్టుకొన్నట్లుండును. ఇట్టి ఇంటిలోని శోకము, మృతవీరుని ఇంటిలోని శోకముకంటె పెద్దదనిగాని చిన్నదనిగాని తూచుటకు వీలు లేదు. దాని జాతియే వేరు. ఈ భేదమును గుర్తింపక వ్రాసిన కథ ఎంత కరుణరసభరితమైనను ఆ ఇంటివారికి పరాయిదే యగును. కనుక ఈ శోకము ఎట్లు నడచునో తెలిసికొనుట రచయితలకు అవసరము.

ఇది తెలుగువారికి మిక్కిలి సమీపమున అనుభవమునకు వచ్చిన ఘట్టము 2016వ సంవత్సరమున జరిగినది. ఆ యేడు జూలై 22వ తేదీ శుక్రవారమునాడు, ఉదయము ఎనిమిదిన్నర గంటల ప్రాంతమున, చెన్నై చెంతనున్న తాంబరము వైమానిక స్థావరమునుండి భారత వాయుసేనకు చెందిన ఏఎన్-32 విమానము పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరినది. అందు 29 మంది యుండిరి. వాయుసేనవారే కాక ఇతర దళములవారును, విశాఖపట్టణములోని నౌకాదళ ఆయుధాగారమున పనిచేయు ఎనిమిదిమంది పౌరోద్యోగులును వారిలో నుండిరి. అది మూడు గంటలకు కొంచెము మించిన ప్రయాణము. తొమ్మిదింబావు కావచ్చిన వేళ విమానము రాడారు తెరమీదనుండి మాయమైనది. నౌకలు, విమానములు, జలాంతర్గామి, ఉపగ్రహములు వెదకినవి. సముద్రపుటడుగును శోధించుటకు సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ అను పరిశోధన నౌకలు వెడలినవి. బంగాళాఖాతము ఒక్క తునకనైనను తిరిగి ఈయలేదు. సెప్టెంబరు 15వ తేదీన అన్వేషణమును విరమించి, విమానములోనివారందరును మరణించినట్లు భావింపవలసి యున్నదని కుటుంబములకు తెలియజేసిరి.

'మరణించిరి' అనుట వేరు. 'మరణించినట్లు భావింపవలసి యున్నది' అనుట వేరు. మొదటిది సమాచారము. రెండవది సమాచారము లేకపోవుటవలన చేసికొన్న నిర్ణయము. ఈ రెండు వాక్యముల నడుమనున్న ఎడములోనే జాడ తెలియనివాని కుటుంబము కాపురముండును. 2016 యుద్ధకాలము కాదు. పోయినవారందరు సైనికులును కారు. అయినను ఆ ఇండ్లలో నెలకొన్న స్థితి, యుద్ధదినములలో 'కనబడుట లేదు' అను తంతి అందుకొన్న ఇంటి స్థితియే. ఆజ్ఞపై వెడలుట, తిరిగి రాకపోవుట, ఎక్కడ ఏమి జరిగినదో చెప్పువారు లేకపోవుట, ఈ మూడును రెండింటికి సమానములు.

శరీరము దొరకకపోవుటయే ఈ శోకమునకు మూలమని సామాన్యముగా తలతురు. అది పూర్తి నిజము కాదు. 1971 డిసెంబరు 9వ తేదీ రాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడోలు తగిలి ఖుక్రీ అను భారత యుద్ధనౌక దీవు సమీపమున మునిగిపోయినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు దానితో పోయిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడువక మునిగిపోయెను. ఆ ఇండ్లకును శరీరములు రాలేదు. కాని బ్రతికి బయటపడినవారు కొందరుండిరి. నౌక ఏ రాత్రి మునిగినదో, ఎట్లు మునిగినదో, కెప్టెన్ కడసారి ఎక్కడ కనబడెనో వారు చెప్పగలిగిరి. ఆ ఇండ్లలో కడచూపు లేదు, చితి లేదు. తిథి మాత్రము కలదు. డిసెంబరు 9 అను తేదీ వారికి దక్కినది. జాడ తెలియనివాని ఇంటికి దక్కనిది ఇదియే. శవము లేకున్నను సాక్షి యున్నచో శోకమునకు గట్టు దొరకును. సాక్షియు లేనిచోట శోకము నిలువనీరు వలె మెరక దొరకక నలుదిక్కులకు ప్రాకును.

విమానము చేరవలసిన పోర్ట్ బ్లెయిర్, ఈ భేదమును అంతకుముందే బాగుగా ఎరిగిన ఊరు. 2024లో ఆ పట్టణమునకు శ్రీ విజయ పురమని పేరు మార్చిరి. కాని తెలుగువారి జ్ఞాపకములో అది ఇంకను పోర్ట్ బ్లెయిరే. 1858లో ఆంగ్ల ప్రభుత్వము అక్కడ బందీల వలసను నెలకొల్పినది మొదలు, ఆ ఊరు పోయినవారు తిరిగి రాని చోటుగా పేరొందినది. ద్వీపాంతరవాస శిక్ష యను మాట తెలుగున సగము మరణమను అర్థమును మోసినది. కాలక్రమమున అక్కడ తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడినవి. విశాఖనుండి నౌకలు నడచినవి. ఆ దీవులు భయమునకు బదులు బ్రతుకుతెరువైనవి. 2001లో మూడు దళములకు ఉమ్మడిగా అండమాన్ నికోబార్ కమాండు అక్కడ ఏర్పడినది. తాంబరమునుండి పోర్ట్ బ్లెయిర్‌కు వాయుసేన విమానములు పోవుట మామూలు ప్రయాణముగా మారినది.

ఈ రెండు కాలముల నడుమ యుద్ధము వచ్చినది. 1942 మార్చి 23వ తేదీన జపాను సేనలు పోర్ట్ బ్లెయిర్‌ను ఆక్రమించినవి. రెండు వారములు గడచునంతలో, ఏప్రిల్ 6వ తేదీన, విశాఖపట్టణముమీద, కాకినాడమీద బాంబులు పడినవి. సముద్రమునకు ఆ గట్టున నున్నవారికిని ఈ గట్టున నున్నవారికిని నడుమ నౌకలు నిలిచిపోయినవి. 1945 అక్టోబరులో ఆంగ్ల సేనలు మరల ద్వీపముపై కాలుమోపువరకు, మూడున్నర ఏండ్లపాటు, దీవులలోనివారి యోగక్షేమములు తెలియుటకు ప్రధానభూమిలోని బంధువులకు తోవ లేకపోయినది. దీవిలో ఉన్నవాడు బ్రతికియే యుండవచ్చును, చెరలో నుండవచ్చును, మట్టిలో కలిసియుండవచ్చును. ఇంటివారికి మూడును ఒక్కటే.

ఆ కాలమున పోర్ట్ బ్లెయిర్‌లో జరిగిన రెండు దారుణములు ప్రస్తుత విషయమునకు ఉదాహరణములుగా నిలుచును. 1944 జనవరి 30వ తేదీన, గూఢచారులను నెపముపై, 44 మంది భారతీయులను హంఫ్రీగంజ్ వద్ద కాల్చిచంపిరి. వారిలో పెక్కుమంది భారత స్వాతంత్ర్య సంఘమునకు చెందినవారే. అచ్చట నేడు స్మారక స్థలము కలదు. తేదీ తెలియును, చోటు తెలియును, సంఖ్య తెలియును. 1945 ఆగస్టులో, ద్వీపమున తిండి కొరవడిన దినములలో, వ్యవసాయము చేయింతుమని నమ్మించి వందలాది జనులను పడవలకెక్కించి, నేడు స్వరాజ్ ద్వీపమని పిలువబడు హేవ్‌లాక్ దీవి సమీపమున సముద్రములోనికి త్రోసివేసిరి. బ్రతికి వచ్చినవారు మిక్కిలి అరుదు. వారి ఇండ్లవారు చూచినది ఒక్కటే: మనుష్యులు పడవ ఎక్కుట. తరువాతి దానిని ఊహించుకొనవలసినదే. హంఫ్రీగంజ్ మృతుల ఇండ్లలో జరిగినది హత్య. ఈ ఇండ్లలో జరిగినది మొదట నిరీక్షణము, పిదప ఎప్పుడో, ఎవరికివారికి వేరువేరు దినములలో, హత్య.

జాడ తెలియనివాని కొరకు ఎదురుచూచుట మతిచాంచల్యమని బయటివారు అనుకొందురు. లోకానుభవము అంత సులభముగా ఆ తీర్పు ఈయనీయదు. జపాను సైన్యాధికారి హిరో ఒనొడాను 1959లో మృతునిగా ప్రకటించిరి. ఫిలిప్పీన్స్ దేశపు లుబాంగ్ దీవి అడవులనుండి 1974లో అతడు సజీవుడై వెలికివచ్చెను. మన దేశముననే, 1971 యుద్ధమున కనబడకపోయి పాకిస్తాన్ చెరలో నున్నారని నమ్మబడిన 54 మంది సైనికుల విషయము దశాబ్దములపాటు తీరని ప్రశ్నగా నడచినది. 2007లో వారి బంధువులు 14 మంది పాకిస్తాన్ కారాగారములకు పోయి వెదకిరి. తమవారు కనబడలేదు. కనబడలేదు గనుక లేరని తేలినదా? లేదు. అక్కడనుండి ఎక్కడికో మార్చి యుండవచ్చునను తలపు వెంటనే పుట్టును. ఎదురుచూచువారి ఆశకు ఆధారము లేకపోవచ్చును. కాని దానిని ఖండించు ఆధారమును ఎవరును చూపలేదు. కుటుంబమును కట్టివేయునది ఈ రెండవ లోపమే.

ఇట్టి ఇంటికి లోకము ఊరక కూర్చుండక తిథులను ఈయజూచును. మొదట ఇచ్చునది ప్రభుత్వము. అన్వేషణము ఆగిన దినము, ఉత్తరువు వెలువడిన దినము, పింఛను మొదలైన దినము. ఇవి కాగితముపై తేదీలు. వీటిని ఏ తల్లియు తిథిగా ఎంచదు. రెండవది న్యాయశాస్త్రము. సహజముగా సమాచారము వినవలసినవారు ఏడు సంవత్సరములపాటు ఒకని గురించి ఏమియు వినకున్నచో, అతడు బ్రతికియున్నాడని వాదించువారే దానిని రుజువు చేయవలెనని 1872 నాటి భారత సాక్ష్యచట్టము 108వ సెక్షను చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 111వ సెక్షనున అదే సూత్రమును నిలుపుకొన్నది. ఇందు రచయితలు గమనింపదగిన సూక్ష్మము కలదు. ఏడేండ్ల పిదప మరణమును ఊహించుటకు చట్టము ఒప్పుకొనును గాని, ఫలానా దినమున మరణించెనని ఊహించుటకు ఒప్పుకొనదు. 1926లో ప్రీవీ కౌన్సిలు, 2004లో మన సర్వోన్నత న్యాయస్థానము ఈ మాటను స్పష్టముగా చెప్పినవి. మరణదినము ముఖ్యమైనచో దానిని సాక్ష్యముతో నిరూపించుకొనవలసినదే. అనగా న్యాయస్థానము మరణమును ఈయగలదు, తిథిని ఈయలేదు.

మూడవది ధర్మశాస్త్రము. తిథి విషయమున పెద్దలు చేసిన ఆలోచన విస్మయము గొల్పును. దేశాంతరము పోయి వార్త లేనివాని కొరకు పండ్రెండు సంవత్సరములు నిరీక్షింపవలెననునది ప్రసిద్ధమైన పక్షము. పిదప 360 మోదుగ ఆకుల కాడలతో, దర్భలతో మనిషి ఆకారమును కూర్చి, దానికి దహనసంస్కారము చేయవలెను. మాసము తెలిసి తిథి తెలియనిచో ఆ మాసపు అమావాస్యను గ్రహింపవలెను. రెండును తెలియనిచో, అతడు ఇల్లు విడిచి బయలుదేరిన దినమునే మృతతిథిగా గ్రహింపవచ్చును. ఏ తిథియు తెలియనివారందరికి మహాలయ అమావాస్య యుండనే యున్నది. శస్త్రముచే హతులైనవారికి దాని ముందునాటి చతుర్దశి కేటాయింపబడినది. ప్రయాణదినమే మరణదినమగుట కేవల వైదికసౌకర్యము కాదు. ఆ ఇంటివారి మనస్సు సహజముగా చేయుపనియే అది. అతడు చెప్పులు తొడిగికొని గడప దాటిన ఉదయమునకే వారి జ్ఞాపకము పదేపదే పోవును. వారు చూచిన కడపటి దృశ్యము అదియే గనుక.

అంతకంటె గొప్ప విషయము మరియొకటి కలదు. దహనసంస్కారము జరిగిన పిదప ఆ మనిషి తిరిగి వచ్చినచో ఏమి చేయవలెనో కూడ శాస్త్రకారులు వ్రాసిరి. అతనిని నేతితో నింపిన పాత్రయందు ముంచి, జాతకర్మాది సంస్కారములు మరల జరిపి, తన భార్యనే మరల వివాహము చేసికొనవలెనని విధించిరి. మరణమును ప్రకటించు గ్రంథములోనే పునరాగమనమునకు ప్రకరణము నుంచుట, ఊహను ఊహగనే ఎంచి దానిని సత్యముగా చాటకుండుట, ఈ రెండింటిలోను మానవస్వభావముపట్ల గొప్ప మర్యాద కలదు.

ప్రభుత్వము ఎనిమిది వారములకు, చట్టము ఏడేండ్లకు, శాస్త్రము పండ్రెండేండ్లకు తమ తమ నిర్ణయములను చెప్పగా, ఇంటిలోని ఒక్కొక్కరు ఒక్కొక్క కాలమున నిలుతురు. ఈ శోకము కుటుంబమును ఏకము చేయదు, విడదీయును. తండ్రి కొంతకాలమునకు నమ్మకము చాలించుకొనును, తల్లి చాలించుకొనదు. ఆ కారణమున ఆమెకు అతడు కఠినుడుగా, అతనికి ఆమె అమాయకురాలుగా తోతురు. భార్య స్థితి మరియు సంకటము. బొట్టు తీసినచో అత్తవారికి అపశకునము; ఉంచినచో ఇరుగుపొరుగున గుసగుస. పేరంటమునకు పిలువవచ్చునా యని పిలుచువారు తటపటాయింతురు. పోవచ్చునా యని ఆమె తటపటాయించును. బడి దరఖాస్తులో బిడ్డ తండ్రి పేరుకు ముందు 'కీర్తిశేషులు' అని వ్రాయవలెనా? పెండ్లి శుభలేఖలో ఆహ్వానించువారుగా అతని పేరు వేయవలెనా? వియత్నాం యుద్ధములో కనబడకపోయిన అమెరికా వైమానికుల కుటుంబములను 1970 దశకమున పరిశీలించిన పాలీన్ బాస్ అను పండితురాలు, ఈ స్థితి మామూలు మరణశోకముకంటె భిన్నమని, దానిలోని చిక్కు మనుష్యుల దౌర్బల్యమునుండి కాక పరిస్థితిలోని అస్పష్టతనుండి పుట్టునని నిరూపింపజూచినది. ఆ ఇంటివారికి ఓదార్పుకంటె ముందు కావలసినది, వారి తటపటాయింపు తప్పు కాదను గుర్తింపు.

సాహిత్యమునకు ఈ స్థితి క్రొత్తది కాదు. వ్యాసభారతము స్త్రీపర్వమున, యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు యుధిష్ఠిరుని హతుల సంఖ్య చెప్పుమని అడుగును. యుధిష్ఠిరుడు 166 కోట్ల 20 వేల మంది హతులైరని చెప్పి, అంతటితో ఆగక మరియొక లెక్క చెప్పును: అలక్ష్యులైన వీరులు 24,165 మంది. హతుల లెక్క వేలతో ఆగగా, అలక్ష్యుల లెక్క ఒకట్ల స్థానమువరకు సాగినది. తప్పించుకొని పోయినవారనియు, కంటికి చిక్కనివారనియు ఆ మాటను రెండు విధముల గ్రహింపవచ్చును. ఆ అస్పష్టతయే ఆ మాటకు తగిన అర్థము. దిక్కులేని శవములకు సైతము విదురాదులు సంస్కారములు జరిపిరి. గంగాతీరమున అందరికిని ఉదకములు విడిచిరి. ఆ 24,165 మంది ఇండ్లలో ఏమి జరిగినదో ఇతిహాసము చెప్పలేదు. గాంధారి తన నూర్గురిని గుర్తుపట్టి ఏడ్చినది. గుర్తుపట్టుటకు ఎవరును దొరకని తల్లి యొక్కతె ఆ రణభూమిలో తిరుగాడియుండునని ఊహించుట తరువాతి కవులకు మిగిలిన పని.

గ్రీకు మహాకవి హోమరు ఆ పని కొంత చేసెను. ఒడిస్సీ మొదటి సర్గములో టెలిమకస్, తన తండ్రి ట్రాయ్ యుద్ధమున తోడివారి నడుమ మరణించియున్నచో తనకింత దుఃఖము లేకపోయెడిదని, అప్పుడు ఆయనకు సమాధియైన నుండెడిదని వాపోవును. పెనెలోపీ పగలు నేసిన వస్త్రమును రాత్రి విప్పివేయుచు మూడేండ్లు గడపుట పాతివ్రత్యకథగనే ప్రసిద్ధము. జాడ తెలియనివాని ఇంటిలో కాలము నడచు తీరునకు అది సరియైన చిత్రము కూడ. అక్కడ ప్రతి దినమును కొంత ముగియును, ప్రతి రాత్రియు ఆ ముగింపు విడిపోవును.

మృతులను స్మరించు మార్గములలో తెలుగునాట వీరగల్లు పురాతనమైనది. ఊరి పొలిమేరలో పాతిన రాయి వీరుని శరీరము ఎక్కడ పడినదని అడుగక, అతనిని ఊరికి తిరిగి తెచ్చును. కారెంపూడిలో ఏటేట కార్తికమాసమున పల్నాటి వీరులకు జరుగు ఆరాధనము ఊరంతటి తద్దినము వంటిది. ఆధునిక యుద్ధములు ఈ పనిని పేర్లకు అప్పగించినవి. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కరింపబడిన స్మారకముమీద, సమాధి తెలియని భారత సైనికుల పేర్లు 4,700కు పైగా చెక్కబడియున్నవి. రంగూన్ సమీపమున తౌక్యాన్‌లోని స్మారకమున రెండవ ప్రపంచయుద్ధమునకు చెందిన అట్టి పేర్లు దాదాపు 27,000. పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరము, తరతరములుగా ఇంటింటినుండి సైనికులను పంపుటచేత, మిలిటరీ మాధవరమని పేరు తెచ్చుకొన్నది. అట్టి ఊరిలో స్మారకము ముందు నిలుచువానికి అందలి పేరు ఒక ఇంటిపేరు, ఒక వాకిలి, ఒక వరుస. శరీరము లేనిచోట పేరు చేయగల పని ఇంతే: ఉన్నవాడే పోయినాడని చెప్పుట. ఎట్లు పోయినాడో చెప్పుట దాని తరము కాదు.

ఇక తెలుగు రచయితల విషయము. జాడ తెలియని సైనికుని కథ వ్రాయబూనువారికి రెండు తలుపులు తెరచియుండును. ఒకటి, కడపట అతడు తిరిగి వచ్చుట. రెండవది, కడపట రూఢియైన వార్త వచ్చుట. రెండును పాఠకునికి తిథిని ఇచ్చును. పాఠకుడు కన్నీరు తుడుచుకొని పుస్తకము మూయును. ఆ ఇంటివారు మూయలేని పుస్తకమును పాఠకునిచేత మూయించుట న్యాయమా యని రచయిత తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఈ శోకమునకు పతాకసన్నివేశము లేదు. ఇది తలుపు చప్పుడైనప్పుడు లేచు తలలో, ఇల్లు మారుటకు ఒప్పుకొనని ముసలితనములో, అతని వయస్సును ఏటేట ఒకటి చొప్పున పెంచుకొనుచు లెక్కించు తల్లి నోటిలో నున్నది.

భాషవైపునుండియు ఆలోచింపదగినది కలదు. పత్రికలు ఇట్టి సందర్భమున 'గల్లంతు' అను మాటను వాడుచున్నవి. అల్లరి, కలవరము అని దాని మొదటి అర్థము. సముద్రముపై గాలివాన రేగిన ఘడియకు అది సరిపోవచ్చును. తరువాతి ఏండ్ల నిశ్శబ్దమునకు సరిపోదు. 'జాడ' అను మాటలో అడుగుజాడ కలదు, వెదకువారు కలరు, అది మేలు. అన్నిటికంటె తెలుగు వాక్యనిర్మాణము ఈ శోకమునకు ఒక అపూర్వమైన ఆశ్రయమును ఇచ్చుచున్నది. 'ఆయనకు చింతచిగురు ఇష్టము', 'ఆయన మంచివాడు' అను వాక్యములలో క్రియ లేదు. క్రియ లేదు గనుక కాలమును లేదు. పోయినవాని గురించియు, ఉన్నవాని గురించియు ఒక్క తీరుగనే చెప్పవచ్చును. జాడ తెలియనివాని భార్య 'ఉండెను' అనలేదు, 'ఉన్నాడు' అనుటకు జంకును. ఈ క్రియలేని వాక్యములో ఆమె నిలువనీడ వెదకుకొనును. కథకుడు ఆమె మాటలలో క్రియ ఎక్కడ మాయమగుచున్నదో, ఎన్ని ఏండ్లకు ఏ క్రియ తిరిగి వచ్చినదో చెవియొగ్గి వినినచో, పుటలకొలది విలాపములు చెప్పలేనిది ఒక సంభాషణలో చెప్పగలుగును.

2016 నాటి విమానము సంగతి అంతటితో ఆగలేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక విజ్ఞాన సంస్థవారు, మనుష్యులు లేకుండ తనంతట నడచు శోధక యంత్రమును సముద్రములోనికి దింపి, ధ్వనితరంగములతోను ఛాయాచిత్రములతోను అడుగును పరిశీలించిరి. చెన్నై తీరమునకు సుమారు 140 నాటికల్ మైళ్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, విమానశకలములు కనబడినవి. 2024 జనవరి 12వ తేదీన రక్షణ మంత్రిత్వశాఖ ఈ వార్తను ప్రకటించినది. విమానము మాయమై అప్పటికి ఏడు సంవత్సరముల ఐదు నెలల 21 దినములు. చట్టము కోరిన గడువు దాటి ఆరునెలలు కావచ్చినది. ఆ ప్రాంతమున మరియే విమానమును మాయమైన చరిత్ర లేనందున, ఇవి బహుశా ఆ ఏఎన్-32 శకలములే కావచ్చునని ప్రకటన తెలిపినది.

ఆ ప్రకటనలోనిది 'బహుశా' అను మాట. శాస్త్రజ్ఞులు తమకు తెలిసినంతకు మించి చెప్పరాదు గనుక అట్లు చెప్పిరి. అది వారి నిజాయితీ. సముద్రము శరీరములను తిరిగి ఈయలేదు, కడపటి ఘడియలో ఏమి జరిగినదో చెప్పలేదు. కాని అది ఒక చోటును ఇచ్చినది. విశాఖ తీరమున నిలిచినవారికి ఆ చోటు ఇంచుమించు నేరుగా దక్షిణమున నున్నది. పితరులకు నీరు విడుచువారు తిరుగు దిక్కును అదియే. ఆ దుర్ముఖి సంవత్సరపు ఆషాఢ బహుళమున గడప దాటినవారి కొరకు, ఇండ్లవారు ఏనాడు ఆ దిక్కునకు తిరుగుదురో, తిరుగుదురో లేదో, నిర్ణయింపవలసినవారు వారే. రచయిత ఆ నిర్ణయమును వారికంటె ముందుగా చేయరాదు.